బూట్ల పాటకు సమాధుల రాగం

స్క్విరల్ ఫోర్క్, కెంటకీ
ఫిబ్రవరి 9, 1971

ఒరేయ్ హర్షెల్,

మొన్న నిన్ను టీవీలో చూశాం. మా ఇంట్లో కాదులే. నువ్వు పంపిన టీవీలో తెల్ల చుక్కల మంచు తప్ప ఏమీ కురవదు, ఈ కొండల మధ్య దానికి అంతకంటే చేతకాదు. మన పాస్టరు బ్రదర్ ఎస్టిల్ ఇల్లు గుట్ట మీద ఉంది కదా, అక్కడికి పోయాం. పాటలకి గిటారు వాయిస్తే నరకానికి పోతారని ఆదివారం ఆదివారం చెప్పే మనిషి, నీ గిటారు చూడ్డానికి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అడిగితే వార్తల కోసం పెట్టానన్నాడు.

నువ్వు పాడుతుంటే ఆయన భార్య కళ్ళు ఒత్తుకుంది. నేను మాత్రం నీ మెడ చూస్తూ కూర్చున్నా. ఆ చొక్కా కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. పాట మధ్యలో ముక్కు గోక్కున్నావు, చెవి గోక్కున్నావు, తీరిక దొరికినప్పుడు గిటారు గోకావు. "వాడికి గజ్జి పట్టినట్టుందే" అన్నాడు మీ బావ బర్ల్.

నువ్వు అలసటతో బాధపడుతున్నావని మీ మేనేజరు ప్రూయిట్ పేపర్లో వేయించాడట. అలసటా? నాన్న బతుకంతా గనిలో పాక్కుంటూ బొగ్గు తవ్వాడు. ఆయన అలిసిపోయాడని ఏ పేపరోడూ వేయలేదు.

నువ్వు పంపిన గులాబీ రంగు కారు వాగు దాటలేక అవతలి ఒడ్డునే ఉంది. వెనక సీట్లో కోళ్ళు పొదుగుతున్నాయి. మెత్తగా ఉందేమో, వాటికి భలే నచ్చింది. మన ఊళ్ళో నీ కారెక్కిన ఘనత వాటిదే.

ఇక అసలు సంగతి. మే నెల ఆఖరి ఆదివారం సమాధుల పండగ. డెన్వర్ బాబాయి జనవరిలో పోయాడని రాశాను, నువ్వు ఉలకలేదు, పలకలేదు. నాన్న తర్వాత అమ్మ సమాధి దగ్గర పాట అందించింది ఆయనే. ఇప్పుడు మన స్టిడమ్ ఇంటి మగాడంటే నువ్వొక్కడివే మిగిలావు. నాష్‌విల్ నీళ్ళు తాగి మరిచిపోయుంటావు కాబట్టి చెబుతున్నా: మనకి వాయిద్యం లేదు, పుస్తకం లేదు. ఆ సమాధి ఇంటి మగాడొకడు వాక్యం అందిస్తాడు, మిగతా అందరం దాన్ని సాగదీసి పాడతాం. పాడాకే ఆయన రెండోది అందిస్తాడు. అందించేవాడు లేకపోతే పాట లేదు. పాట లేకుండా అమ్మ సమాధికి పూలు పెట్టిన ఏడు నాకు తెలిసి లేదు. నువ్వు రావాలి.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అద్దం వెనక ఒక సీసా మరిచిపోయావు. పసుపు బిళ్ళలు, పెద్ద సీసా. ఏంటవి? పారేయనా?

నిన్ను చంకనెత్తుకుని నడుం పోగొట్టుకున్న నీ అక్క,
వెర్లీ


బస్సులో, టెక్సస్‌లో ఎక్కడో
మార్చి 2, 1971

స్క్విరల్ ఫోర్క్ మహారాణి గారికి,

పారేయకు! అవి విటమిన్లు అక్కా. మామూలువి కాదు, డాక్టరు నా కోసమని ప్రత్యేకంగా ఇస్తాడు, బజార్లో దొరకవు. జాగ్రత్తగా దాచు, వచ్చినప్పుడు పట్టుకుపోతా.

నా మెడ సంగతి వదిలెయ్. టీవీలో అందరి మెడలూ అలాగే కనపడతాయి. నేను రాయిలా ఉన్నా. "నీ గుమ్మం ముందు నా బూట్లు" పాట దేశమంతటా మొదటి స్థానంలో కూర్చుని లేవనంటోంది. జనానికి ఇప్పుడొక కొత్త పిచ్చి పట్టింది. ఆ పాట ఎత్తుకోగానే ప్రేమకొద్దీ వేదిక మీదికి బూట్లు విసురుతున్నారు. మొన్న ఒకటి పోయి మా డ్రమ్ముల ఆర్లిస్ నుదుటికి తగిలింది. కుట్లు పడ్డాయి. వాడు ఆ బూటు దాచుకున్నాడు, కొలత సరిపోయిందట. రెండోది కూడా విసిరితే బాగుండునని రోజూ ఎదురుచూస్తున్నాడు.

నిద్ర అనేది పేదవాళ్ళ అలవాటు అక్కా, నేను మానేశా. బస్సు నడుస్తూనే ఉంటుంది, నేను మాట్లాడుతూనే ఉంటా. వినేవాళ్ళు మారుతుంటారు.

సమాధుల పండగకి తప్పకుండా వస్తా. కానీ డెన్వర్ బాబాయి ఉండగా నేను పాట అందించడమేంటి, ఆయన చిన్నబుచ్చుకోడూ? అడిగానని చెప్పు. ఆయన కుక్కని కూడా అడిగానని చెప్పు.

మొదటి స్థానంలో ఉన్న నీ తమ్ముడు,
హర్షెల్


స్క్విరల్ ఫోర్క్
ఏప్రిల్ 4, 1971

మొదటి స్థానం వారికి,

డెన్వర్ బాబాయిని అడిగానని చెప్పమన్నావు. గుట్టెక్కి సమాధి దగ్గరికి పోయి చెప్పాను. ఆయనేమీ అనలేదు. కుక్క మాత్రం తోకాడించింది, అది బతికే ఉంది.

నా ఉత్తరం నువ్వు చదివావా, లేక దాంతో ముక్కు తుడుచుకున్నావా? పోయాడని రాస్తే అడిగానని చెప్పమంటావా? నాకు ఒళ్ళు మండి ఆ రోజు రొట్టె మాడ్చాను. మీ బావ నోరెత్తకుండా తిన్నాడు.

దాని తర్వాత మీ ఆఫీసు నుంచి కవరొచ్చింది. నీ చేత్తో రాసిన ఉత్తరమని ఆశపడి విప్పితే నీ ఫొటో. "నా ప్రియమైన అభిమాని వెర్లీకి, ఎప్పటికీ నీ హర్షెల్." బర్ల్ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఎవడే వీడు, పెళ్ళైన దానికి ఎప్పటికీ నీవాడినంటాడూ?" అని దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఇప్పుడా ఫొటో నా చేతిసంచిలో ఉంది. కోళ్ళు బెదిరిపోతాయని కారులో పెట్టలేదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు. దేశమంతా నిన్ను మోస్తోంది, సొంత బాబాయి పోయింది నీకు తెలీదు.

ఇంకో మాట. ఈ ఏడు పండగ వంట బాధ్యత నా నెత్తిన పడింది. వచ్చేవాళ్ళు వందకు పైనే. వండే ఆడవాళ్ళందరం కాటికి కాళ్ళు చాపుకున్నవాళ్ళమే. బ్రదర్ ఎస్టిల్‌కి కూడా జలుబు చేసిన దగ్గర్నుంచి నీరసం, ప్రసంగం మధ్యలో కూర్చుంటున్నాడు. నీ విటమిన్లు సీసా నిండా ఉన్నాయి కదా, తలా ఒకటో రెండో వేసుకుంటాం. నీకేమన్నా అభ్యంతరమా?

నీ ప్రియమైన అభిమాని,
వెర్లీ


టల్సా, ఓక్లహోమా
మే 12, 1971

అక్కా,

బాబాయి సంగతికి నన్ను నాలుగు తిట్టు, తక్కువైతే ఇంకో నాలుగు తిట్టు. చదివాననే అనుకున్నా. ఈ మధ్య చదివినదేదో, కల కన్నదేదో తేడా తెలీడం లేదు.

ఒక తమాషా చెబుతా. పోయిన నెల ఇక్కడే, నిండు సభలో, బూట్ల పాట రెండో చరణంలో మాటలు పోయాయి. నేను రాసిన పాట అక్కా! నోరు తెరిస్తే లోపల ఏమీ లేదు. కళ్ళంట నీళ్ళొచ్చేశాయి, భయంతో. జనం ఏమనుకున్నారో తెలుసా? పాత ప్రియురాలు గుర్తొచ్చి గొంతు పూడుకుపోయిందనుకున్నారు. లేచి నిలబడి ఒకటే చప్పట్లు. ఆ వారం బూట్లు చాలక చేతికర్రలు కూడా విసిరారు. పేపర్లో "గుండెతో పాడే మనిషి" అని వేశారు.

ప్రూయిట్ ఎగిరి గంతేశాడు. "బ్రహ్మాండం! రోజూ అక్కడే మరిచిపో" అన్నాడు. అప్పట్నుంచి రోజూ అక్కడే మరిచిపోతున్నా. ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, ఎక్కడ మరిచిపోవాలో కూడా మరిచిపోతున్నా. మొన్న మొదటి చరణంలోనే ఆగిపోయా. దానికీ చప్పట్లే. గోతిలో పడుతున్నవాణ్ణి చూసి ఎంత బాగా దూకాడో అన్నట్టుంది నా బతుకు. దీన్ని ఎవరికీ చెప్పకు. నువ్వు కూడా నవ్వేసి వదిలెయ్.

విటమిన్ల గురించి ఏదో రాశావు. సరే సరే, నీ ఇష్టం.

పండగకి వస్తున్నా. అమ్మ మీద ఒట్టు. మొక్కజొన్న రొట్టె చెయ్, మాడకుండా.

నీ తమ్ముడు,
హర్షెల్


స్క్విరల్ ఫోర్క్
జూన్ 3, 1971

హర్షెల్,

నువ్వు రాలేదు. నీ బదులు లారీలో ఒక పూలదండ వచ్చింది. గిటారు ఆకారంలో, ప్లాస్టిక్ పూలతో, మనిషంత పొడుగుంది. అమ్మ సమాధి రాయి దాని వెనక కనపడలేదు. డెన్వర్ బాబాయి కుక్క దాని మీద కాలెత్తింది. నేను అదిలించలేదు.

ఇప్పుడు నీ విటమిన్ల సంగతి చెబుతా, కుర్చీలో కూర్చుని చదువు.

శనివారం పొద్దున వండేవాళ్ళందరం తలా రెండు వేసుకున్నాం. బ్రదర్ ఎస్టిల్‌కి నీరసం ఎక్కువ కదా అని మూడు ఇచ్చాను. మధ్యాహ్నానికల్లా వందమంది వంట అయిపోయింది. అయినా చేతులు ఆగవు. మళ్ళీ వండాం. ఓర్లీనా గిన్నెలన్నీ తోమి, తోమినవి మళ్ళీ తోమి, గిన్నె అడుగు చిల్లు పడేదాకా వదల్లేదు. ముసలి గోల్డీకి మోకాళ్ళు వంగవని తెలుసుగా, ఆవిడ చర్చి కప్పెక్కి రేకులు తుడిచింది. దింపడానికి నిచ్చెనతో పాటు ముగ్గురు మగాళ్ళు కావాల్సొచ్చింది.

ఇక ఆదివారానికి ఎస్టిల్. సీసాలోంచి ఇంకొన్ని ఆయన సొంతానికి అడిగి పట్టుకెళ్ళాడు, ఒంట్లో బలం వచ్చిందని. పొద్దున మొదలెట్టిన ప్రసంగం అన్నం వేళ దాటినా ఆగలేదు. తన పాపాలన్నీ ఒప్పుకున్నాడు. టీవీ వార్తల కోసం కాదని కూడా ఒప్పుకున్నాడు. తనవి అయిపోయాక మనవి ఒప్పుకోవడం మొదలెట్టాడు. బర్ల్ గురించి నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది, దాని లెక్క వేరే తేలుస్తున్నా. ఆ తర్వాత గుట్టెక్కి సమాధులన్నిటికీ సున్నం కొట్టాడు, మన శత్రువులవాటికి కూడా. చివరికి ఒక మూల కూర్చుని పళ్ళు నూరుతూ ఏడ్చాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. ఆ తర్వాతది విను.

మందు దిగిపోయాక రెండు రోజులు నేను మంచం దిగలేదు. గుండె పిట్టలా కొట్టుకుంది. బర్ల్ గొంతు వింటే కత్తిపీట తీసుకోవాలనిపించింది. గోడ మీద అమ్మ బొమ్మ చూస్తే, ఆవిడ దగ్గరికి పోతే ఈ బాధ ఉండదు కదా అనిపించింది. నాకు, వెర్లీకి! ఎన్నడూ అలాంటి ఆలోచన రాని దాన్ని. ఆ క్షణంలో ఇంకో బిళ్ళ వేసుకుంటే బాగుంటుందని చెయ్యి సీసా మీదికి దానంతటదే పోయింది. అప్పుడు తెలిసిందిరా.

సీసా పట్టుకుని టౌన్లో డాక్టరు దగ్గరికి పోయాను. ముందు పాస్టరు కథ విని పడీ పడీ నవ్వాడు. "ఇవి రోజూ వేసుకునేవాడు ఒకడున్నాడు, గుప్పెళ్ళతో" అన్నాను. నవ్వడం ఆపేశాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని, అలుపుకి మందేసుకుని పాటే పోగొట్టుకున్నావు. విటమిన్లని నాతో అబద్ధమాడావు.

అమ్మ సమాధి దగ్గర అందరం నిలబడ్డాం. ఎస్టిల్ పళ్ళు నూరుతున్నాడు. ఆడవాళ్ళు అందించకూడదు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. పాట లేదు. పూలు పెట్టి దిగొచ్చేశాం. నాకు భయమేసింది హర్షెల్. నిన్ను కూడా ఆ గుట్ట మీదికి మోసుకొచ్చి, ఇలాగే నోళ్ళు మూసుకుని నిలబడాల్సొస్తుందని భయమేసింది.

సీసాలో మిగిలినవి వాగులో పోశాను. చేపలకేమైందో చూడలేదు.

వెర్లీ


నాష్‌విల్
జూన్ 20, 1971

మిసెస్ బర్ల్ కూంబ్స్ గారికి,

మీ ఉత్తరం అందింది. డాక్టరు ఇచ్చినవి ఊళ్ళో అందరికీ పంచమని నేను చెప్పలేదు. నాకు పని ఉంది. నా మీద ఆధారపడి బస్సునిండా మనుషులున్నారు. వాగులో కోళ్ళు కడుక్కునేవాళ్ళకి అది అర్థం కాదు.

నువ్వు నాకు అమ్మవి కాదు. అమ్మలా ఏడవకు. ఇంకో కారు కావాలంటే చెప్పు, పంపిస్తా. కోళ్ళు ఎక్కువయ్యుంటాయి.

హెచ్. స్టిడమ్


ఆసుపత్రిలో
ఆగస్టు 30, 1971

అక్కా,

పెన్సిల్‌తో రాస్తున్నా. ఇక్కడ కలం ఇవ్వరు, పొడుచుకుంటామని. కోడిగీతలు చదువుకో, నీకు కోళ్ళ గీతలు అలవాటే.

ముందు ఒక సంగతి అడగాలి. నవ్వకు. ఆగస్టులో ఒక శనివారం నాష్‌విల్ కచేరీకి నువ్వొచ్చావా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ రోజుల్లో నా కళ్ళ సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. అంతకుముందు వారం బస్సులో నాన్న నా పక్కనే కూర్చుని బంగాళాదుంపలు ఒలిచాడు. ప్రూయిట్ తలలోంచి చీమలు రావడం నేను చూశా. అందులో కొంత నిజమే అయ్యుండొచ్చు.

ఆ శనివారం బూట్ల పాట ఎత్తుకున్నా. మొదటి మాటే రాలేదు. వాయిద్యాలు మొదటికొచ్చి, మళ్ళీ మొదటికొచ్చి తిరుగుతున్నాయి. నేను కొయ్యలా నిలబడ్డా. జనం చప్పట్లు కొడుతున్నారు, ఏడుస్తున్నాననుకుని. చప్పట్లు ఎంత పెరిగితే నేనంత కిందకి పోతున్నా. ఈ వేదిక మీదే, ఈ చప్పట్లలోనే చచ్చిపోతాను, ఇదీ నటనే అనుకుని ఇంకోసారి చెయ్యమంటారు అనిపించింది.

అప్పుడు ముందు వరసల్లోంచి ఒక ముసలావిడ లేచింది. నల్ల టోపీ. అమ్మ సమాధి దగ్గర పాడే రాగంలో, ముక్కుతో, సాగదీసి, "నీ... గుమ్మం ముందు... నా బూట్లూ..." అని అందించింది.

బూట్ల పాటని సమాధుల రాగంలో ఎవరైనా పాడగా విన్నావా? నేను విన్నా. నా నోరు నన్నడక్కుండానే అందుకుంది. చిన్నప్పట్నుంచి అందిస్తే అందుకోవడం అలవాటైన నోరు కదా. ఆవిడ రెండోది అందించింది. నేను పాడా. జనం గప్‌చుప్. ఒక్క బూటు పడలేదు. పాట చివరిదాకా అలాగే పోయింది. కళ్ళు తెరిచేసరికి ఆ కుర్చీ ఖాళీ.

తెర వెనక్కి పోయి నేల మీద కూర్చుండిపోయా. ప్రూయిట్ ఫొటోవాణ్ణి పిలిచాడు. ఆర్లిస్ వాళ్ళిద్దర్నీ తోసేసి, నన్ను తన బండిలో పడేసి ఇక్కడికి తెచ్చాడు. కాలికి ఒకటే బూటుంది వాడికి. మొదటి వారం గురించి రాయను. నువ్వు రెండు రోజులు పడ్డది నీకు తెలుసు, దాన్ని ఏళ్ళతో హెచ్చవేసుకో. పేపర్లో మళ్ళీ అలసటే వేశారట.

నాకు ఒక్క పాట గుర్తు లేదు అక్కా. నావి పోతే పోయాయి, అమ్మ పాట కూడా పోయింది. గట్టిగా ఆలోచిస్తే రాగం వస్తోంది, మాట రావడం లేదు. ఇక్కణ్ణించి వచ్చినా నేనెందుకూ పనికిరాను.

జూన్‌లో ఆ ఉత్తరం రాసిన గాడిద నేనే. అది బిళ్ళలు రాయలేదు.

వచ్చింది నువ్వా, కాదా? కాదంటే చెప్పు, తట్టుకుంటా.

హర్షెల్


స్క్విరల్ ఫోర్క్
సెప్టెంబర్ 8, 1971

తమ్ముడూ,

నేనేరా గాడిదా. ముసలావిడట! నీకంటే పదకొండేళ్ళు పెద్ద, అంతే.

నీ జూన్ ఉత్తరం చదివి రెండు నెలలు కుతకుతలాడాను. నీ చెంప పగలగొట్టి రావాలనే బయల్దేరాను. ఉడకబెట్టిన గుడ్లు మూట కట్టుకుని బస్సెక్కాను. అవి నీ కారులో పెట్టిన గుడ్లే, కాబట్టి నీ డబ్బుతోనే తిన్నట్టు లెక్క. కచేరీ అయ్యేదాకా ఓపిక పట్టి తర్వాత కొడదామనుకున్నాను. తీరా నువ్వు కొయ్యలా నిలబడి నోరు తెరిచి మూస్తుంటే, చుట్టూ వెధవలు చప్పట్లు కొడుతుంటే, చూడలేకపోయాను. ఎప్పుడు లేచానో తెలీదు. ఆ దిక్కుమాలిన బూట్ల పాట నాకు అసహ్యం, కానీ బర్ల్ రోజంతా అదే పెడతాడు కాబట్టి మాటలన్నీ వచ్చేశాయి. రాగం మాత్రం నాకొచ్చింది ఒక్కటేగా.

పాట అవ్వగానే నీ దగ్గరికి రాబోతే కాపలావాడు రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. వాడి అక్కనయ్యా అన్నాను. అందరూ అదే అంటారమ్మా అన్నాడు. నీ సంతకం ఫొటో చూపించాను. "ఇవి అందరికీ పంపుతారమ్మా" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాను. నీకు తెచ్చింది వృథా కాలేదు.

ఇక్కడ సంఘం వాళ్ళు నా మీద పంచాయితీ పెట్టారు. ఆడది పాట అందించడం ఒక తప్పు, సారా అమ్మే చోట అందించడం రెండో తప్పు, బూట్ల గురించి అందించడం మూడోది. నన్ను వెలివేయాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. బ్రదర్ ఎస్టిల్ లేచి, "గోల్డీని చర్చి కప్పు మీద చూసినవాళ్ళెవరూ ఇంకొకరి తప్పులెంచకూడదు" అన్నాడు. అక్కడితో సరి. కానీ పద్ధతి పద్ధతే, సమాధి దగ్గర ఇప్పటికీ మగాడే అందించాలి. నాకోసం దాన్ని మార్చరు, నేను అడగను. అంటే నువ్వే రావాలి.

పనికిరానంటావు. గిటారు పట్టకముందు కూడా నువ్వెందుకూ పనికొచ్చేవాడివి కాదు. అయినా పెంచుకున్నాం.

మాటలు పోతే మాటలకేం, నా దగ్గరున్నాయి. అమ్మ పాట మొదటి వాక్యం రాస్తున్నా.

"ఏటి అవతల దీపం పెట్టి ఎవరో నాకై మేలుకున్నారు"

రెండోది రాయను. నువ్వు ఇది గొంతెత్తి పాడాకే రెండోది అందిస్తా. మనసులో అనుకుంటే కుదరదు. పద్ధతి తెలుసుగా.

బర్ల్ అడిగానని చెప్పమన్నాడు. బతికే అడిగాడు.

నీ అక్క,
వెర్లీ


ఆసుపత్రిలో
సెప్టెంబర్ 19, 1971

అక్కా,

పాడాను. గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉంది, అయినా చివరిదాకా సాగదీసి పాడాను. పక్క మంచం వాడు నోరు మూసుకోమని బూటు విసిరాడు. ఇన్నేళ్ళలో మనస్ఫూర్తిగా విసిరిన మొదటి బూటు ఇదే. ఆర్లిస్‌కి పంపుతున్నా.

రెండో వాక్యం పంపు.

హర్షెల్